తూచేది ఎవరు? – సామెతలు 16:2 అన్వయింపుపై ఒక పరిశీలన

సామెతలు 16:2ను మన ప్రసంగీకులు తరచుగా ఇతరుల ఉద్దేశాలపైనే ప్రయోగిస్తున్నారు. మందిరానికి ఫ్యాను ఇచ్చి రెక్కల మీద పేరు రాయించుకున్న విశ్వాసి ఇందుకు సిద్ధంగా దొరికే ఉదాహరణ. అయితే ఈ వచనం మాట్లాడేది తన దృష్టికి తానే నిర్దోషిగా కనబడేవాని గురించి. తెలుగు బైబిలులో 'పరిశోధించును' అని ఉన్నచోట హెబ్రీ మూలంలోని 'తోఖేన్' అనే పదానికి తూచువాడు అని అర్థం. 21:2, 24:12లోనూ ఇదే పదం ఉన్నది. పైగా ఇదే అధ్యాయం 11వ వచనంలో అంగడి త్రాసు, సంచిలోని తూనికరాళ్లు కనబడతాయి. ఆ త్రాసు యెహోవాదైనప్పుడు దాత మనసును ప్రసంగ వేదిక మీద తూచే అధికారం మనకెక్కడిది? పేరు వద్దన్న దాత సైతం ఆ సంగతి పదిమందికీ తెలియాలని కోరుకోవచ్చు. ఫ్యాను ఉదాహరణను ఈ వ్యాసకర్త కూడా వాడినవాడే. ఆ ఆదివారం సంఘమంతా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చింది.