మెడ విరిగిన మనిషిని కూర్చోబెట్టడం

బీపీ ఎంతుండాలని ఎవర్నడిగినా 120/80 అంటారు. ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్న నేను, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మనిషిని ఆ అంకెతో కొలవను. అలాంటి మనిషికి పై అంకె 90, 100 దగ్గర ఉంటే చాలాసార్లు అదే ఆయన మామూలు. ఆయనకే 140 కనిపించిందంటే పరుగెత్తాల్సిందే. పక్క మంచం మీదాయనకు 140 అంటే ఓ మాత్ర సంగతి. ఈయనకది మెదడులో రక్తనాళం చిట్లే దాకా పోగల ప్రమాదానికి మొదలు కావచ్చు.

1933లో రేవు తెరిచిన నాటి నుంచి విశాఖ బరువులు మోసి బతికిన ఊరు. ఓడ హ్యాచ్‌లోకి జారిపడ్డవాళ్లు, ఎత్తయిన షెడ్ల మీద ఇనుప దూలాలు బిగిస్తూ కిందపడ్డవాళ్లు, గాజువాక దగ్గర హైవే మీద బండి మీంచి ఎగిరిపడ్డవాళ్లు, భీమిలి వైపు తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికులు... మెడ దెబ్బలు ఇలా వస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూడా ఇలాంటివాళ్లను 1923 నుంచి ఉన్న మన కింగ్ జార్జ్ ఆసుపత్రికే (కేజీహెచ్) తెస్తారు. కాళ్లూ చేతులూ పడిపోవడం ఇంటివాళ్ల కళ్లకు కనిపిస్తుంది. బీపీ పట్టు తప్పడం కనిపించదు.

రక్తనాళాలు ఎంత బిగుసుకోవాలో, ఎంత సడలాలో మెదడు అడుగుభాగం చెబుతుంది. ఆ ఆజ్ఞ మెడలోని వెన్నుపాము గుండా దిగి, ఛాతీ దగ్గరా నడుము పైభాగంలోనూ బయటికొచ్చే సింపథెటిక్ నరాలకు చేరుతుంది. మెడలో తోవ తెగితే, కంట్రోల్ రూమ్‌తో లైను పోయిన వాల్వుల్లా రక్తనాళాలు సడలిపోతాయి. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం మాత్రం వెన్నుపాముతో పని లేకుండా వేరే దారిన పోతుంది కాబట్టి అది పని చేస్తూనే ఉంటుంది. అందుకే రక్తం పోయి బీపీ పడిపోయిన మనిషికి నాడి పరుగెడుతుంది, మెడలో వెన్నుపాము తెగిన మనిషికి నాడి కూడా నెమ్మదిస్తుంది. నలిగిన వెన్నుపాముకు రక్తం సరిగా అందాలనే డాక్టర్లు మొదటి వారం సెలైన్లు, మందులతో బీపీని పడిపోకుండా కాపాడతారు.

ఆ గండం గడిచాక మా పని, కూర్చోబెట్టడం. వారాల తరబడి పడుకున్న మనిషిని ఒక్కసారిగా లేపితే రక్తం కాళ్లకూ పొట్టకూ దిగిపోయి స్పృహ తప్పుతుంది. అందుకని కాలివేళ్ల నుంచి తొడల దాకా క్రేప్ బ్యాండేజీ చుడతాం, పొట్టకు బెల్టు కడతాం. మంచాన్ని తల వైపు కొంచెం ఎత్తి, ఆగి, బీపీ చూసి, మళ్లీ కొంచెం ఎత్తుతాం. 3 నిమిషాల్లో పై అంకె 20 పడిందంటే జాగ్రత్త పడతాం. అయితే మిషన్ కంటే ముందు మొహమే చెబుతుంది. అందుకే మనిషిని మాటల్లో పెడతాను. మీదే ఊరు, పిల్లలేం చదువుతున్నారు, రేవులో ఏ బెర్తులో చేసేవారు... జవాబు మధ్యలో తెగినా, ఆవులింత వచ్చినా, పెదాల రంగు మారినా వెంటనే మంచం దించేస్తాను. "కళ్లు బైర్లు కమ్ముతున్నాయి మేడమ్" అనేదాకా ఆగకూడదు.

నెలలు గడిచాక ఇదే మనిషికి ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. ఈసారి బీపీ ఎగుస్తుంది. మల్కాపురంలో ఒక కలాసీ ఇంట్లో కళ్లారా చూశాను. ఉన్నట్టుండి "తల పగిలిపోతంది మేడమ్" అన్నాడాయన. మొహం ఎర్రబడింది, నుదురంతా చెమట, తొడల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఎండదెబ్బేమో పడుకోబెట్టండని చుట్టుపక్కలవాళ్ల సలహా. బీపీ చూస్తే 160. ఆయన మామూలు 95. అందరం పట్టి లేపి కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, పొట్ట బెల్టు విప్పేశాం. కెథీటర్ గొట్టం తొడ కింద మడతపడి ఉంది. మడత తీయగానే సంచిలోకి మూత్రం దిగింది, దాంతోపాటే బీపీ అంకె కూడా దిగింది.

మూత్రాశయం నిండిందన్న కబురు వెన్నుపాము అడుగున చేరి, దెబ్బకు కింది భాగంలోని రక్తనాళాలను బిగిస్తుంది. సడలండన్న మెదడు ఆజ్ఞ మెడ దాటి కిందికి రాదు. దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. ఛాతీలోని ఆరో వెన్నుపూస దగ్గరగానీ అంతకు పైనగానీ దెబ్బ తగిలినవాళ్లకు ఇది వస్తుంది. మూత్రాశయం నిండితే బీపీ ఎలా ఎగుస్తుందో ఇంగ్లండ్‌లో గుట్‌మన్, విట్‌రిడ్జ్ 1947లోనే కొలిచి రాశారు. మలబద్ధకం, పుండు, బిగుతు బట్ట, లోపలికి పెరిగిన గోరు కూడా దీన్ని రేపగలవు.

ఇలాంటివి ఇంట్లోవాళ్లే గుర్తుపట్టాలంటే ముందే నేర్పాలి. మనవాళ్లు కాట్పాడిలో దిగి చేరుకునే వేలూరులో, వీల్‌చెయిర్‌లోనే వైద్యం చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ చొరవతో 1966లో పునరావాస కేంద్రం మొదలైంది. ఇంటికి పంపేముందు ఇంటివాళ్లకు ఈ సంగతులన్నీ నేర్పడం పునరావాసంలో భాగం. అలాంటి నేర్పు మన ఊరి ప్రతి వార్డులోనూ అందాలి.

మెడ నొప్పితో డ్యూటీ చేసేవాళ్లకూ ఒక మాట. మెడ నొప్పి ఉన్నంత మాత్రాన బీపీ జబ్బు వచ్చినట్టు కాదు. నొప్పికి అంకె కాసేపు పెరుగుతుంది, నొప్పి తగ్గాక దిగుతుంది. కానీ మందుల షాపులో అడిగి రోజూ వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీని పెంచుతాయి, కొన్ని బీపీ మందుల పనినీ తగ్గిస్తాయి. సెలూన్‌లో మెడ విరిపించుకునే అలవాటు ఉంటే మానండి. మెదడుకు రక్తం మోసే నాళాలు ఆ మెడలోంచే వెళ్తాయి.

మెడ దెబ్బతిన్న మనిషి మీ ఇంట్లో ఉంటే ఈరోజే ఒక కార్డు రాసి జేబులో పెట్టండి. దెబ్బ ఏ వెన్నుపూస దగ్గరో, మామూలు బీపీ ఎంతో అందులో ఉండాలి. కింద ఇలా రాయండి: కళ్లు తిరిగితే పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి. తల పగిలేలా నొప్పి వచ్చి మొహం ఎర్రబడితే కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు విప్పండి, గొట్టం చూడండి. మామూలు కంటే 20 నుంచి 40 పెరిగిన బీపీ దిగిరాకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ అందరికంటే ముందు డ్యూటీ డాక్టర్ చేతికి ఆ కార్డు ఇవ్వండి.