ఉస్మానాబాదు లెక్కలు – ఒక విమర్శ

రోగాన్ని ముందుగా పసిగట్టే పరీక్ష మంచిదా కాదా అని తేల్చడానికి రెండు మార్గాలున్నవి. అది ఎందరిలో రోగాన్ని పట్టుకొన్నదో చూడడం ఒకటి. దానివల్ల ఎందరు చావు తప్పించుకొన్నారో లెక్కించడం రెండవది. మొదటి దానికి కొద్ది కాలం చాలును. రెండవ దానికి ఏళ్ల తరబడి ఓపిక కావలెను. 2009 ఏప్రిల్‌లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ పత్రికలో వెలువడిన ఉస్మానాబాదు పరిశోధన రెండవ మార్గాన్ని పట్టినది. దాని ఘనత అక్కడ ఉన్నది. దానిని అడుగవలసిన కఠినమైన ప్రశ్న కూడ అక్కడనే పుట్టినది.

మహారాష్ట్రలోని ఈ జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిది. 2023 లో ధారాశివ్ అని పేరు మారినది. డాక్టరు ఆర్. శంకరనారాయణన్ నాయకత్వాన లియాన్ నగరంలోని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థవారు, ముంబయి టాటా స్మారక కేంద్రంవారు, పొరుగున బార్శీలోని నర్గీస్ దత్ కాన్సరు ఆసుపత్రివారు కలిసి 1999 లో ఇక్కడ పని మొదలుపెట్టారు. 30 నుండి 59 ఏళ్ల వయస్సుగల 1,31,746 మంది స్త్రీలను ఎన్నుకొన్నారు. వారి గ్రామాలను 52 సముదాయాలుగా విభజించి, చీటీలు వేసినట్లుగా నాలుగు జట్లు చేశారు. మొదటి జట్టుకు వైరసు పరీక్ష. రెండవ జట్టుకు సూక్ష్మదర్శినిలో కణాలను చూచే పాప్ పరీక్ష. మూడవ జట్టుకు గర్భాశయ ముఖద్వారంపై ఎసిటిక్ ఆమ్లాన్ని పూసి, తెల్లబడిన భాగాన్ని కంటితో గుర్తించే పరీక్ష. నాలుగవ జట్టుకు ఏ పరీక్షా లేదు.

గర్భాశయ ముఖద్వార కాన్సరుకు హ్యూమన్ పాపిలోమా వైరసు కారణమని నిరూపించే దారిలో హారాల్డ్ త్సుర్ హౌజెన్ 1983 లో 16 వ రకాన్ని, మరుసటి సంవత్సరం 18 వ రకాన్ని కనుగొన్నాడు. ఆ కృషికి 2008 లో నోబెల్ బహుమతి లభించినది. ఈ వైరసు సోకిన స్త్రీలలో చాలమందికి ఒకటి రెండేళ్లలో అది తనంతట తానే పోవును. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి నిలిచి కణాలను మార్చివేయును.

ఉస్మానాబాదులో వాడిన పరీక్ష పేరు హైబ్రిడ్ కాప్చర్. సేకరించిన కణాలను క్షారంతో కలిపినచో వాటిలోని డి.ఎన్.ఎ. జంటపోగులు విడిపోవును. అప్పుడు ప్రమాదకరమైన 13 రకాల వైరసులకు సరిపోయే ఆర్.ఎన్.ఎ. తునకలను అందులో వేస్తారు. వైరసు ఉంటే ఆ తునక దాని పోగును అతుక్కొనును. ఇట్లు ఏర్పడిన జంటను గిన్నె గోడకు అంటించిన ప్రతిరక్షకాలు పట్టి నిలుపును. ఎంజైము తగిలించిన మరికొన్ని ప్రతిరక్షకాలు దానిపై చేరును. చివరకు ఒక రసాయనాన్ని కలుపగా వెలుతురు పుట్టును. దానిని యంత్రం కొలుచును. తాళానికి తాళపుచెవి వలె, సరిపడనిచో వెలుగు లేదు.

ఇక ఫలితాలు. ఎనిమిదేళ్లలో ఈ కాన్సరుతో మొదటి జట్టులో 34 మంది, పాప్ జట్టులో 54, ఆమ్లపరీక్ష జట్టులో 56, పరీక్షలేని జట్టులో 64 మంది మరణించారు. జట్ల పరిమాణాలు ఇంచుమించు సమానం. వైరసు పరీక్షవల్ల మరణాలు దాదాపు సగమైనవి. అయితే ‘సగం’ అని బల్లగుద్ది చెప్పరాదు. గణాంకశాస్త్రం ప్రకారం ఆ తగ్గుదల నూటికి 17 నుండి 67 వరకు ఎంతైనా కావచ్చును. తక్కిన రెండు జట్లలోని తగ్గుదల కేవలం యాదృచ్ఛికమేమో అన్న అనుమానం తీరలేదు.

విద్యార్థిని తికమకపెట్టే అంకె ఒకటున్నది. మొదటి జట్టులో 127 కాన్సర్లు బయటపడగా పరీక్షలేని జట్టులో 118 మాత్రమే! పరీక్ష చేస్తే కాన్సరు పెరిగినదా? కాదు. మొదటి జట్టులో ముదిరినవి 39, రెండవ చోట 82. చాటున పెరుగుతున్నవాటిని పరీక్ష ముందే బయటకు లాగినది, అంతే.

ఇంతకంటె విలువైన పాఠం మరొకటి. ఇదే బృందం 2005 లో తొలి లెక్కలు ప్రకటించినది. కాన్సరుకు ముందటి తీవ్రమైన మార్పులు పాప్ జట్టులో నూటికి 1.0, వైరసు జట్టులో 0.9 చొప్పున కనిపించినవి. అక్కడితో ఆపివేసి ఉంటే రెండు పరీక్షలూ సమానమనే అనుకొనేవారు. వైరసు లేదని తేలినవారిలో తరువాత కాన్సరు వచ్చినవారు ఏటా లక్షకు 3.7, పాప్ పరీక్షలో ఏమీ లేదని ఇంటికి పంపినవారిలో 15.5. ‘నీకేమీ లేదు’ అనే మాటను ఎంతవరకు నమ్మవచ్చునో ఈ అంకెలు చెప్పుచున్నవి.

లోపాలు లేకపోలేదు. ఆమ్లపరీక్ష ఇక్కడ విఫలమైనదనుకొన్నా, అదే శంకరనారాయణన్ తమిళనాట దిండిగల్లు జిల్లాలో జరిపి 2007 లో ప్రకటించిన ప్రయోగంలో దానివల్ల మరణాలు నూటికి 35 తగ్గినవి. కంటి పరీక్ష చూచేవారి నేర్పును బట్టి మారును. కాబట్టి ఒక్క జిల్లా తీర్పుతో దానిని త్రోసివేయరాదు.

అసలు చిక్కు నాలుగవ జట్టు. పాప్ పరీక్ష ధనిక దేశాలలో ప్రాణాలు కాపాడుచున్నదని అప్పటికే తెలిసి ఉండగా 31,488 మందిని పరీక్షించకుండా ఉంచడం తగునా అని పలువురు విమర్శించారు. అప్పుడు భారతదేశంలో ఇటువంటి పరీక్షల ఏర్పాటే లేదు గనుక వారు కోల్పోయినదేమీ లేదని సమర్థకుల సమాధానం. ఈ సమాధానం తప్పు కాదు, చాలదు. ఊరిలో లేని వైద్యాన్ని మూడు జట్లకు తెచ్చిపెట్టగలిగినవారు నాలుగవ జట్టుకు తేలేకపోయారని ఎట్లనగలము? అయితే ఆ జట్టే లేకపోతే, పాప్ పరీక్ష మన పల్లెల పరిస్థితులలో ఎంత స్వల్పంగా పనిచేసినదో ఎవరికీ తెలిసేది కాదు. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి రెండవదానిని చెరిపివేయదు.

ఇంత వెలపెట్టి కొన్న జ్ఞానం ఏమైనది? 2021 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైరసు పరీక్షనే ప్రధానంగా సిఫారసు చేసినది: 30 వ ఏట మొదలు, 5 నుండి 10 ఏళ్లకొకసారి. స్త్రీలు తమ నమూనాను తామే తీసుకొనవచ్చునని కూడ ఒప్పుకొన్నది. 2016 లో భారత ప్రభుత్వం ప్రకటించిన పథకంలో ఉన్నది ఆమ్లపరీక్ష. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ఎన్నడైనా, ఏ పద్ధతిలోనైనా ఈ కాన్సరుకై పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 1.9.