ఊళ్ళ పేజీలూ, నాలుగు వరుసల పైథానూ

2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 459 మండలాలు 584కు పెరిగాయి. చింతమడక అనే ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామా మాత్రం మారింది. నిన్నటిదాకా మెదక్ జిల్లా సిద్దిపేట మండలం, ఇవాళ్టినుంచి సిద్దిపేట జిల్లా సిద్దిపేట గ్రామీణ మండలం. పక్కనున్న పుల్లూరు, మాచాపూర్‌ల సంగతీ అంతే. కొత్త సిద్దిపేట జిల్లాలోకి కరీంనగర్ నుంచి హుస్నాబాద్ వైపు ఊళ్ళు వచ్చాయి, వరంగల్ నుంచి చేర్యాల వైపు ఊళ్ళు వచ్చాయి. సర్కారు ఉత్తర్వుతో రికార్డులు మారాయి. కానీ తెలుగు వికీపీడియాలో ఊరికొక పేజీ చొప్పున ఉన్న వేల పేజీలను మార్చమని ఎవరికీ ఉత్తర్వు లేదు, మార్చినవారికి జీతమూ లేదు. ఆ పని తలకెత్తుకున్నవాళ్ళు తీరిక వేళల్లో కూర్చున్న ఔత్సాహికులు. తెలుగునాట అభిరుచి కొద్దీ ప్రోగ్రాములు రాయడమనే సంప్రదాయం గురించి మాట్లాడాలంటే అమీర్‌పేట శిక్షణ కేంద్రాల కన్నా ముందు ఇలాంటి పనుల దగ్గరికి వెళ్ళాలి. అది పెరిగింది ఇక్కడే.

వాళ్ళలో చాలామంది ప్రోగ్రామింగు నేర్చుకుందామని బయల్దేరినవాళ్ళు కారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో తొలి ఏళ్ళలోనే ఊళ్ళ పేజీలు బాట్లతో, అంటే తమంతట తాము దిద్దుబాట్లు చేసే చిన్న ప్రోగ్రాములతో, పుట్టాయి. వాటిని సరిచేయడం మొదట చేత్తోనే. పది పేజీలకు చేయి నొప్పి పుడుతుంది, వందకు విసుగు వస్తుంది. అప్పుడు దొరికేది ఆటోవికీబ్రౌజరు. అది విండోసు పనిముట్టు, కోడు రాయకుండానే ఒక మాట వెతికి ఇంకో మాట పెట్టవచ్చు. ‘ఈ ఊరు ఫలానా పట్టికలో ఉంటే ఈ మండలం, లేకుంటే ఆ మండలం’ అనే షరతు వచ్చేసరికి వెతికి మార్చడం ఒక్కటే చాలదు. అక్కడ పైవికీబాట్ ఎదురవుతుంది. అది పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషలో రాసిన ఉపకరణాల మూట. దాన్ని వాడాలంటే నాలుగు వరుసల పైథాన్ రాయాలి. పేజీ తెరువు, పాఠం తీసుకో, మాట మార్చు, దాచు. తర్వాత వికీమీడియా వారి ‘పాస్’ (PAWS) వచ్చింది. యువి పాండా చొరవతో రూపుదిద్దుకున్న ఈ వేదికలో సొంత కంప్యూటరులో ఏమీ పెట్టుకోకుండా, బ్రౌజరులోనే ఆ నాలుగు వరుసలు నడపవచ్చు.

పైథాన్ సులువు కాబట్టే నిలిచిందని చాలామంది అంటారు. సులువుదనం ఒక్కటే కారణమైతే బేసిక్ భాష నిలిచిపోవాల్సింది. 1964లో డార్ట్‌మౌత్ కళాశాలలో కెమెనీ, కర్ట్‌జ్‌లు దాన్ని కొత్తవాళ్ళ కోసమే తయారు చేశారు. 1984లో మొదలైన క్లాస్ అనే కంప్యూటరు విద్యా పథకం కింద బీబీసీ మైక్రో యంత్రాలతో అది మన దేశపు బడుల్లోకి వచ్చింది. పిల్లలు నేర్చుకున్నారు, బడి దాటగానే వదిలేశారు. ఆ యంత్రాల బేసిక్‌కు తెలుగు రాదు. తమకు పట్టింపు ఉన్నదేదీ దానికి అప్పగించే వీలు లేదు. తర్వాత తెలుగు తెర మీదికి వచ్చినా పత్రికకొక ఫాంటు, ఫాంటుకొక సంకేతపద్ధతి. తెలుగు వికీపీడియాకు తొలి అడుగు వేసిన వెన్న నాగార్జున ‘పద్మ’ పేరుతో లిపి మార్పిడి ఉపకరణం తయారు చేయాల్సివచ్చింది అందుకే. పైథాన్‌కూ ఈ లోపం కొన్నాళ్ళు ఉంది. రెండో తరం పైథాన్‌లో ఊళ్ళ పేర్ల పట్టికను అచ్చేయమంటే తెలుగుకు బదులు అంకెలూ గీతలూ కలిసిన సంకేతాలు వచ్చేవి. 2008 డిసెంబరులో విడుదలైన పైథాన్ 3 పాఠమంతటినీ, అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతపద్ధతి అయిన యూనికోడ్‌గానే చూసింది. అప్పటినుంచి తెలుగువాడు రాసిన తెలుగు తెలుగుగానే కనపడింది. సులువు గడప దాటిస్తుంది, అంతవరకే. లోపల కూర్చోబెట్టేది తన భాషలో తన పని జరగడం, ఒకరు రాసినదాన్ని ఇంకొకరు చదివి అందుకోగలగడం. ఈ రెండూ పైథాన్‌లో కలిశాయి.

తెలుగు పాఠంతో పని చేసేవాళ్ళు పోగుచేసుకున్న మెలకువలు చూస్తే ఈ మాట రుజువవుతుంది. ‘చింతమడక’ పొడవెంత అని పైథాన్‌ను అడిగితే 7 అంటుంది. మన లెక్కకు చిం, త, మ, డ, క, ఐదే అక్షరాలు. గుడి, దీర్ఘం లాంటి ఏ గుణింతపు గుర్తునైనా యూనికోడ్ విడి సంకేతంగా లెక్కిస్తుంది, సున్నను మరొకటిగా లెక్కిస్తుంది. ‘సిద్దిపేట’ మనకు నాలుగు, పైథాన్‌కు తొమ్మిది. అక్కడ పొల్లు కూడా లెక్కలోకి వస్తుంది. ఇది తెలియకుండా మాటను తిరగేస్తే గుణింతాలు హల్లును వదిలి పక్క అక్షరానికి అంటుకుంటాయి. ఇంతకన్నా మోసకారి కంటికి కనపడని సంకేతం. ‘మెదక్‌లో’ అని రాసేటప్పుడు క్, లో కలిసి ‘క్లో’ కాకుండా మధ్యన ఒక కనపడని విడదీత గుర్తు పెడతాం. అది ‘మెదక్’ చివర మిగిలిపోయిన పేజీ ఒకటి, లేని పేజీ ఒకటి ఉంటే, మనిషికి రెండూ ఒకటే, యంత్రానికి రెండు వేరు మాటలు. ఖాళీలు తొలగించే ఆదేశానికి కూడా అది లొంగదు. మాటను మామూలుగా కాకుండా ఒక జాబితాలో పెట్టి అచ్చేయిస్తే పైథాన్ ఆ గుర్తును దాని సంకేతసంఖ్యతో సహా బయటపెడుతుంది. దొంగను పట్టుకోవడానికి ఇంత చిన్న ఉపాయం చాలు.

తెలుగు వాక్యంలో పేరు ఎప్పుడూ ఒకే రూపంలో ఉండకపోవడం ఇంకా లోతైన చిక్కు. పాత పేజీల్లో ‘మండలము’, ‘మండలమునకు’ ఉంటాయి, కొత్తవాటిలో ‘మండలం’, ‘మండలంలోని’, ‘మండలానికి’ ఉంటాయి. ఊరి పేరునే ఒకరు ‘సిద్దిపేట’ అంటారు, ఇంకొకరు వత్తు పెట్టి ‘సిద్ధిపేట’ అంటారు. ‘మండలం’ అనే మాటను గుడ్డిగా మార్చే కోడు ‘మండలానికి’ని వదిలేస్తుంది. ‘మండల’ వరకు పట్టుకునే కోడు ‘మండలి’ని కూడా చెడగొడుతుంది. కాబట్టి ప్రోగ్రాము రాసేవాడు విభక్తులనూ ఔపవిభక్తికాలనూ పాఠ్యపుస్తకంలో వదిలేసిన చోటునుంచి మళ్ళీ ఎత్తుకోవాలి. ఏ రూపాలు రావచ్చో రాసుకొని, ఒక్కోదానికి నమూనా కట్టి, పది పేజీల మీద ఉత్తుత్తిగా నడిపి, పాత పాఠం కొత్త పాఠం పక్కపక్కన చూసుకోవాలి. ఆపై బాటు హోదాకు సముదాయం అనుమతి అడగాలి, ప్రతి మార్పుకూ సారాంశం రాయాలి. ఇది కేవలం సాంకేతిక క్రమశిక్షణ కాదు. వెయ్యి పేజీల్లో తప్పు చేయగల చేయి తనను తాను అదుపులో పెట్టుకునే మర్యాద.

పైథాన్ నెమ్మది, అసలైన ప్రోగ్రామర్లు సీ, జావాలు రాస్తారు అనే వాదన మన ఇంజినీరింగు కాలేజీల్లో బాగా వినపడుతుంది. లక్షల మంది వాడే వ్యవస్థలకు అందులో నిజముంది. ఊళ్ళ పేజీలు దిద్దే బాటు విషయంలో ఆ కొలత పనికిరాదు. సర్వరు మీద బరువు పడకుండా పైవికీబాట్ రెండు దిద్దుబాట్ల మధ్య మామూలుగా పది సెకన్లు ఆగుతుంది. వెయ్యి పేజీలకు దాదాపు మూడు గంటలు. అందులో భాష ఆదా చేయగలిగేది కొద్ది క్షణాలే. ఆ మూడు గంటల తర్వాత కోడు చదవాల్సిన మనిషి సమయమే ఖరీదైనది. గైడో వాన్ రోసమ్ పైథాన్‌ను 1989 చివర్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టినప్పుడు ఆయన వెనక ఏబీసీ అనే బోధనాభాష అనుభవం ఉంది. వరుసను లోపలికి జరపడమే వాక్యనిర్మాణం అనే నియమం అక్కడినుంచి వచ్చిందే. ఆ నియమం వల్ల ఎవరు రాసినా కోడు ఆకారం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. 2016లో ఒకరు రాసిన కోడును 2019లో ములుగు, నారాయణపేట జిల్లాలు పుట్టినప్పుడు, 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 26 అయినప్పుడు మరొకరు తెరిచి చదివి వాడుకోగలరు.

పైథాన్ నిలిచిపోవడంలో ఆనందానికీ వాటా ఉంది. యూనికోడ్‌లో తెలుగు ‘క’ సంఖ్యకు 128 కలిపితే కన్నడ ‘క’ వస్తుంది. 768 తీసేస్తే నాగరి ‘క’ వస్తుంది. ఇస్కీ అనే పాత భారతీయ సంకేతపద్ధతి నాటి ఏర్పాటును యూనికోడ్ నిలుపుకోవడం వల్ల వర్ణమాల వరస అన్నిటికీ ఒకటే. ౘ, ౙ లాంటి కొన్నిటిని మినహాయిస్తే మూడు వరుసల్లో లిపి మార్పిడి యంత్రం తయారు. ఛందస్సు మరో బంగారు గని. దీర్ఘం గురువు, సున్నా విసర్గలున్నది గురువు, పొల్లుతో ముగిసేది గురువు, సంయుక్తానికి ముందున్నది గురువు, తక్కినవి లఘువులు. ఈ షరతులు ‘ఇఫ్’లుగా రాస్తే ‘సిద్దిపేట’ గురువు, లఘువు, గురువు, లఘువు అని, మొదటి మూడూ ర గణమని తేలుతుంది. మూడు స్థానాలు, ఒక్కో స్థానంలో రెండే అవకాశాలు, కాబట్టి ఎనిమిది గణాలు. ద్విసంఖ్యా పద్ధతిని దీనికన్నా చక్కగా చెప్పే పాఠం తెలుగు విద్యార్థికి మరొకటి లేదు.

బాట్లతో పుట్టిన పేజీలు డొల్ల అన్న విమర్శ గట్టిది. పేరు, మండలం, జిల్లా తప్ప ఏమీ లేని పేజీ చదువరిని నిరాశపరుస్తుంది. అయితే చింతమడకకు పేజీ ఎలాగైనా వచ్చేది, అది తెలంగాణ తొలి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు పుట్టిన ఊరు. పేరున్న కొడుకులు లేని ఊళ్ళ మాటేమిటి? వాటికి ఆ డొల్ల పేజీయే తొలి చిరునామా. 2011 జనగణన వివరాలు, బడులు, తాగునీరు, రోడ్లు, భూమి వినియోగం, ఇవన్నీ తర్వాత వచ్చి చేరింది ఆ చిరునామాలోకే. పేజీ లేకపోతే ఆ సమాచారం ఇంగ్లీషు పట్టికల్లోనే ఉండిపోయేది.

ఇంగ్లీషు సంగతి మరింత ఇబ్బందికరమైనది. పైథాన్ ఆదేశాలు ఇంగ్లీషువే కదా, సర్కారు బడి పిల్లకు అది ఎలా సులువవుతుంది అంటే, కీలకపదాలు 35 మాత్రమే. చరరాశులకు ‘ఊరు’, ‘మండలం’ అని తెలుగులోనే పేర్లు పెట్టవచ్చు. తెలుగు అంకెల్లో రాసిన సంఖ్యను కూడా పైథాన్ సంఖ్యగా మార్చుకుంటుంది. తమిళంలో ముత్తయ్య అణ్ణామలై ‘ఎళిల్’ అనే ప్రోగ్రామింగు భాషను చేసినప్పుడు దాన్ని నడిపే యంత్రాంగాన్ని పైథాన్‌లోనే రాశారు. అయినా దోష సందేశాలు, వివరణ పత్రాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. కొత్తవాళ్ళు వెనుదిరిగేది సరిగ్గా ఆ సందేశాల దగ్గరే. వాటిని తెలుగులో వివరించే పని ఇంకా జరగాలి, జరిగి తీరాలి.

కృత్రిమ మేధ కోడు రాసిపెడుతుంటే ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు జవాబు పై పనుల్లోనే ఉంది. ఎవరు రాసిచ్చినా, వేల పేజీల మీద వదిలేముందు ‘మండలి’ చెడిపోతుందేమో చదివి చూడాల్సింది తెలుగు వచ్చిన మనిషే. అలాంటి చదువరుల అవసరం త్వరలోనే పడుతుంది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా కొత్త జనగణన ప్రకటించారు. గ్రామాల వారీ లెక్కలు వచ్చాక ప్రతి ఊరి పేజీలోనూ 2011 అంకెలు మార్చాలి. ఈలోగా జిల్లాలు మారాయి, మండలాలు చీలాయి, ఒకే పేరున్న ఊళ్ళు పక్కపక్క మండలాల్లోకి వచ్చాయి. పేర్లను బట్టి జతపరిస్తే తప్పులు తప్పవు. పాత జనగణనలో ఊరికి ఇచ్చిన ఆరంకెల సంఖ్యను ఆధారం చేసుకోవాలి, దానికీ కొత్త సంఖ్యకూ లంకె కుదిర్చే పట్టిక ముందే తయారు చేసుకోవాలి. ఆ పట్టికను ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, సిద్దిపేట గ్రామీణ మండలంతోనైనా.