గంట ఎవరిది?

టెట్, డీఎస్సీ అభ్యర్థులకు ‘శాస్త్రీయ నిబంధనం’ అంటే ఒక కుక్క, ఒక గంట, ఒక మార్కు. నా దగ్గరున్న పాత గైడులోనూ గంట బొమ్మే ఉంది. ఆ కుక్కతో ముడిపడిన రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ ప్రయోగశాలలో మాత్రం మెట్రోనోమ్ టిక్కుటిక్కులు, బజర్ మోతలే ఎక్కువ.

అసలాయన మనసు జోలికి వెళ్లాలనుకోలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన పని జీర్ణక్రియ మీద. 1904లో నోబెల్ వచ్చిందీ అందుకే. కత్తి పట్టడంలో చేయి తిరిగినవాడు. కుక్క లాలాజల నాళం కొసను చెంప బయటికి తిప్పి కుట్టేవాడు. గాయం మానాక, నోట్లోకి దిగాల్సిన లాలాజలం గొట్టంలో చుక్కలుగా పడేది. కుక్కల జఠరరసాన్ని అజీర్తి మందుగా అమ్మి ల్యాబు ఖర్చులకు వాడుకున్నారు కూడా! ఆ కత్తి నేర్పును మెచ్చుకోబోతే కుక్కలు గుర్తొచ్చి నోరు రాదు.

శిష్యుడు వుల్ఫ్‌సన్ చుక్కలు లెక్కపెట్టాడు. నోట్లో ఇసుక పోస్తే కడిగేయడానికన్నట్టు లాలాజలం ధారకట్టేది. నున్నటి గులకరాళ్లు వేస్తే దాదాపు ఏమీ లేదు, కుక్క వాటిని ఉమ్మేసి ఊరుకునేది. చిక్కేమిటంటే, ఇసుకను దూరం నుంచి చూపించినా చుక్కలు రాలాయి. ‘నోరూరడం’ అన్న మాట ఉన్న మనకు ఇది వింత కాదు. జీర్ణక్రియను కొలిచేవాళ్లకు మాత్రం తలనొప్పి.

కుక్క ఏదో తలచుకుంటోంది, కోరుకుంటోంది అన్నాడు స్నార్‌స్కీ అనే మరో శిష్యుడు. పావ్లోవ్ ఒప్పుకోలేదు. కుక్క కోరికను ఏ గొట్టంలో పట్టి కొలుస్తాం? 1901లో ల్యాబులోని తొలొచినోవ్ చేతికి ఈ పని వచ్చింది. తిండి చూపించి పెట్టకుండా ఊరిస్తూ పోతే చుక్కలు తగ్గి, చివరికి ఆగిపోయాయి. అంటే ఈ ప్రతిచర్య షరతుల మీద నడుస్తుంది. దీనికి పెట్టిన రష్యన్ పేరుకు అర్థం అదే. ఆ లెక్కన మన ‘నిబంధనం’ అసలుకు దగ్గరే. 1903లో మాడ్రిడ్ వైద్య మహాసభలో పావ్లోవ్ ఈ సంగతి ప్రపంచానికి చెప్పాడు.

మరి గంట? దాన్ని మోగించినవాడు ఫిలడెల్ఫియాలో ఉన్నాడు. ఎడ్విన్ ట్విట్‌మయర్ అనే ఆ పరిశోధకుడు మనుషుల మోకాలి చిప్ప కింద సుత్తి దెబ్బ పడే ముందు హెచ్చరికగా గంట కొట్టేవాడు. ఒకసారి గంట మోగింది, సుత్తి పడలేదు. కాలు మాత్రం ఎగిరింది. కావాలని చేశారా అంటే, లేదన్నాడు ఆ మనిషి. 1902లో ఇది పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథమైంది. 1904లో విలియం జేమ్స్ అధ్యక్షతన మనస్తత్వవేత్తల సభలో చదివితే ఒక్కరూ ప్రశ్న వేయలేదు. భోజనాల వేళ మించిపోతోందట. ట్విట్‌మయర్ ఆ తర్వాత మాట తడబడే పిల్లలకు వైద్యం చేసే పనిలో పడిపోయాడు.