ఏసీ మెకానిక్ పనితనం

కంప్రెసర్ కదలనప్పుడు, దాన్నే మార్చాలనే ముందు, దానికి తొలి ఊపునిచ్చే కెపాసిటర్‌ను, అంటే కొద్ది వందల రూపాయలకే దొరికే విడిభాగాన్ని, మీటరుతో పరీక్షించేవాడే నిఖార్సయిన మెకానిక్. గదిలోని వేడిని బయటికి మోసే గ్యాస్ మూసిన రాగి గొట్టాల్లోనే తిరుగుతుంది కనుక వాడకంతో తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అందుకే అతడు ఊరికే గ్యాస్ నింపి వెళ్లిపోక, నైట్రోజన్‌ను ఒత్తిడితో పంపి, అతుకులపై సబ్బు నురుగు పూసి, బుడగ లేచిన చోటును వెల్డింగుతో మూసి, వాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ లాగేశాకే, యంత్రంపై అచ్చయిన తూకం మేరకు గ్యాస్ ఎక్కిస్తాడు. బిల్లులో గ్యాస్‌తోపాటు ఈ ఓపికకూ వెల ఉండటం న్యాయమే. విశాఖ వంటి తీరపట్టణాల్లో ఉప్పుగాలికి కాయిల్ అంతటా చిల్లులు పడితే మాత్రం అతుకులు నిలవవు. యజమాని కొత్త కాయిల్ ఖర్చుకు సిద్ధపడవలసిందే.