సంఘర్షణ నడపని కథలు: ‘కిండ్రెడ్’, ‘ది డీప్’

కథాసంవిధానం గురించి చదివేటప్పుడు ప్రారంభం, సంఘర్షణ, పతాకస్థాయి, ముగింపు అనే మెట్లను మొదట నేర్చుకుంటాం. జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ 1863లో నాటక నిర్మాణంపై రాసిన గ్రంథంలోని పిరమిడ్ ఈ పద్ధతికి ఒక ముఖ్య మూలం. ఆయన ప్రధానంగా పరిశీలించినవి గ్రీకు, షేక్‌స్పియర్ విషాదాంత నాటకాలు. వాటికి సరిపోయిన కొలబద్ద అన్ని కథలకూ సరిపోతుందా? ఆఫ్రికన్ అమెరికన్ రచయితల స్పెక్యులేటివ్ ఫిక్షన్, అంటే వాస్తవ ప్రపంచ నియమాలను దాటి ఊహించే కల్పనా సాహిత్యం, ఈ ప్రశ్నకు మంచి పరీక్ష పెడుతుంది.

ఆక్టేవియా బట్లర్ నవల ‘కిండ్రెడ్’ 1979లో వెలువడింది. 1976లో లాస్ ఏంజెలెస్‌ ప్రాంతంలో ఉంటున్న నల్లజాతి రచయిత్రి డేనా హఠాత్తుగా పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల మేరీలాండ్‌కు, బానిసలతో సాగు చేయించే ఒక తెల్లవాడి ఎస్టేట్‌కు చేరుతుంది. యజమాని కొడుకు రూఫస్ ప్రాణాపాయంలో పడ్డప్పుడల్లా ఆమె అక్కడికి వెళ్లిపోతుంది. తన ప్రాణం పోతుందన్న భయం కలిగినప్పుడు తిరిగి వస్తుంది. ఇలా ఆరుసార్లు. ఈ ప్రయాణానికి యంత్రం లేదు, శాస్త్రీయ వివరణా లేదు.

పిరమిడ్ కొలతతో చూస్తే ఇది లోపాలున్న నవల. వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. గతంలోకి వెళ్లే ఏ ప్రయాణాన్నీ కథానాయిక తానుగా మొదలుపెట్టదు. చివరి ప్రయాణంలో ఆమె ఒక చేయి కోల్పోయిందని మొదట్లోనే తెలిసిపోతుంది. ఇక ఉత్కంఠ ఎక్కడిది?

అయితే రూఫస్ ఎవరో గమనించండి. అతడు డేనా పూర్వీకుడు. స్వేచ్ఛాజీవిగా పుట్టి బానిసగా మారిన ఆలిస్‌కు అతని వల్ల హేగర్ అనే ఆడపిల్ల పుడితేనే డేనా వంశం ఉంటుంది. ఆ పుట్టుకకు మూలం బలాత్కారం. కాబట్టి డేనా తన శత్రువును ఓడించకూడదు, బతికించాలి. ఒక దశలో ఆలిస్‌ను ఒప్పించమని రూఫస్ డేనానే పంపుతాడు. ఆమె ఆ మాట మోసుకుని వెళ్తుంది. నవలలో నాకు అన్నిటికంటే భయం కలిగించిన ఘట్టం అదే. కొరడా దెబ్బలు కూడా దాని తర్వాతే.

ఆవృత్తి సంగతీ అంతే. వెళ్లిన ప్రతిసారీ డేనా ఆ ఇంటి పనికి, ఆ ఇంటి మాటతీరుకు కొంచెం అలవాటు పడుతుంది. ఆమెతో పాటు పాఠకులూ పడతారు. బానిసత్వం మనిషిని లొంగదీసే తీరు ఇది. ఒకే శిఖరానికి ఎక్కి దిగే కథలో ఇది పట్టుబడదు. అక్కడికే మళ్లీ మళ్లీ వెళ్లాలి.

చివర్లో డేనా రూఫస్‌ను కత్తితో పొడుస్తుంది కదా, అది పతాకస్థాయి కాదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ పోటు ఆమెను గెలిపించదు. రూఫస్ పట్టుకున్న ఎడమ చేయిని ఆమె పోగొట్టుకుంటుంది. ఉపసంహారంలో ఆమె, భర్త కెవిన్ మేరీలాండ్ వెళ్లి ఆ మనుషుల ఆనవాళ్ల కోసం వెతుకుతారు. దొరికేది కొంచెమే.

రివర్స్ సోలమన్ ‘ది డీప్’ (2019) దారి వేరు. బానిస ఓడల నుంచి సముద్రంలోకి విసిరేసిన గర్భిణుల బిడ్డలు నీళ్లలోనే బతికి ఒక జాతిగా ఎదిగారన్నది ఇందులోని ఊహ. డెట్రాయిట్ సంగీత బృందం డ్రెక్సియా దీన్ని మొదలుపెట్టింది, క్లిపింగ్ అనే బృందం పాటగా మలిచింది, ఆ పాట నుంచి నవల పుట్టింది. ఆ జాతి జ్ఞాపకాలన్నిటినీ యేతు ఒక్కతే మోస్తుంది. ఏడాదికోసారి జరిగే స్మరణ క్రతువులో మాత్రమే మిగతావారు వాటిని అందుకుంటారు. బరువు భరించలేక ఆమె పారిపోతుంది. యేతు కథలో ఓడించాల్సిన ప్రతినాయకుడు లేడు. చివరికి మారేది పంపకం: ఒక్కరి బరువు అందరిదీ అవుతుంది. మధ్యభాగం కొంత సాగినట్టుంటుంది. దానికి కారణం సంఘర్షణ లేకపోవడం కాదు, యేతు ఆలోచనలు కొన్ని తిరిగి తిరిగి రావడం.

అలాగని నల్లజాతి సాహిత్యంలో సంఘర్షణే ఉండదని జవాబుపత్రంలో రాయకండి. ఈ రెండు నవలల్లోనూ హింస నిండా ఉంది. కథను ముందుకు నడిపేది అది కాదన్నదే ఇక్కడి వాదం. ‘కిండ్రెడ్’ చదివేటప్పుడు ఒకచోట ఆగండి. ఎస్టేట్‌లోని ఇంటిని చూడగానే తన ఇంటికి చేరినంత ఊరట కలిగిందని, వెంటనే తనను తాను సరిదిద్దుకోవలసి వచ్చిందని డేనా గుర్తుచేసుకునే చోటు అది.