చుక్కలు కంటిలో కలియునా?
సోరా చిత్రములందలి దృష్టిశాస్త్రము

చిత్రకారుడు లోకమును చూచి చిత్రించునా, చదివిన శాస్త్రమును చూచి చిత్రించునా? జార్జ్ సోరా విషయమున ఈ ప్రశ్న తప్పక వచ్చును. 1859లో పారిస్‌లో జన్మించి, 1891లో 31 ఏండ్లకే మరణించిన ఈ ఫ్రెంచి చిత్రకారుడు రంగులను పలకపై కలుపుటకు మారుగా చిన్న చుక్కలుగా ప్రక్కప్రక్కన పెట్టి, కలుపు పనిని చూచువాని కంటికి అప్పగించెనని చెప్పుదురు. ఇట్లు చేయుటచే రంగులకు ఎక్కువ కాంతి వచ్చునని ఆయన పక్షము వహించిన విమర్శకులు వాదించిరి. ఆ వాదము ఎంతవరకు నిలుచునో చూడవలసియున్నది.

సోరాకు ఆధారమైన గ్రంథములలో ముఖ్యమైనది షెవ్రోల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1839లో ప్రకటించినది. ఈయన 1824లో పారిస్‌లోని గోబ్లా నేత కార్ఖానాలో అద్దకపు శాఖకు అధిపతి అయ్యెను. అక్కడి నల్లదారము నీలి, ఊదా రంగుల నడుమ నేసినప్పుడు వెలవెలబోవుచున్నదని ఫిర్యాదులు వచ్చుచుండెను. షెవ్రోల్ పరీక్షించి చూడగా అద్దకమున లోపము కనబడలేదు. లోపమంతయు ప్రక్కదారముతోడి పొత్తులో నుండెను! నీలము ప్రక్కన చేరిన నలుపునందు కన్ను నీలమునకు పూరకమైన నారింజ ఛాయను చూచును. అందుచే నలుపు బలహీనమైనట్లు తోచును. ప్రక్కప్రక్కనున్న రంగులు ఒకదానినొకటి ఎడముగా నెట్టును అనుటయే ఆయన సూత్రము. చీరకు తగిన అంచు ఏరుకొను ఇల్లాండ్రకు ఈ సంగతి క్రొత్త కాదు. దానిని సూత్రమునకు తెచ్చినవాడు మాత్రము షెవ్రోల్.

రెండవది అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు ఆగ్డెన్ రూడ్ 1879లో వ్రాసిన గ్రంథము. వెలుగుల కలయిక వేరు, వర్ణద్రవ్యముల కలయిక వేరు అని అందు విశదముగా నున్నది. పసుపు, నీలము రంగులను పలకపై కలిపినచో ఆకుపచ్చ వచ్చును; ఒక్కొక్క పొడి కొంత వెలుగును మ్రింగివేయగా మిగిలినదే మనకు చేరును. అవియే సన్నని చుక్కలై దూరమున కలిసినచో దాదాపు బూడిదవన్నె కానవచ్చును. ఇచట వెలుగులు కూడవు, వాని సగటు మాత్రమే కంటికి అందును. ఏ సగటును తన పాళ్ళలో మిక్కిలి కాంతిగల దానిని మించజాలదు. కనుక చుక్కల కలయిక పలకపై కలయిక కన్న ప్రకాశవంతము కావచ్చునే గాని, లేని వెలుగును పుట్టింపదు. పూరక వర్ణములు నిజముగా కలిసిపోయిన చిత్రము మబ్బు పట్టినట్లుండును.

అసలు అవి కలియునా? మంచి చూపుగల కన్ను డిగ్రీలో 60వ వంతు ఎడముగల బిందువులను విడిగా చూడగలదు. ఒక మిల్లీమీటరు చుక్క ఆ కోణమునకు తగ్గవలెనన్న సుమారు మూడున్నర మీటర్లు, నాలుగు మిల్లీమీటర్ల చుక్కయైనచో సుమారు 14 మీటర్లు వెనుకకు జరుగవలెను. చిత్రశాలలో అంత దూరమున నిలుచువారు అరుదు. పత్రిక ముఖచిత్రమునందలి చుక్కలు భూతద్దమునకు గాని విడివడవు. ముద్రాపకునకు కావలసినదియు అదియే. సోరా చుక్కలన్ననో సగము కలిసి, సగము కలియక మినుకుమినుకు మనుచుండును. ఆ తీరని కలయికయందే ఆయన చిత్రమునకు ప్రాణమున్నది. విమర్శకులు దానిని విడిచి సిద్ధాంతమునే మెచ్చుకొనిరి.

దీనికి సాక్ష్యము లండన్ నేషనల్ గ్యాలరీలోని 'ఆన్యేర్ వద్ద స్నానములు'. 1884లో పూర్తియైన ఈ చిత్రమును వేసినప్పుడు సోరా ఇంకను చుక్కల పద్ధతిని చేపట్టలేదు; తరువాత కొన్ని తావుల మాత్రము చుక్కలు చేర్చెను. ఒడ్డున కూర్చున్న బాలుని వీపుపై ఎండ పడుచున్నది. ఆ వీపు వెనుకనున్న నీరు నల్లబడినది. అతని ముందుభాగము నీడలో నున్నది. దాని ప్రక్క నీరు తెల్లబారినది. ఏ నదియు ఇట్లుండదు. కాని కన్ను ఇట్లే చూచును. అంచుల వద్ద ఉన్నదాని కన్న ఎక్కువ భేదమును చూపు ఈ స్వభావమును ఎర్నెస్ట్ మాఖ్ 1865లో వర్ణించెను. ఒక దృష్టికణము ప్రక్క కణములను అణచుటయే దీనికి మూలమని గుర్రపు డెక్క పీత కంటిపై పరిశోధించి చూపిన హార్ట్‌లైన్‌కు 1967లో నోబెల్ బహుమానము లభించెను. సోరాకు కణముల సంగతి తెలియదు. షెవ్రోల్ సూత్రము తెలియును. దానిని ఎచట ఎంత పెంచవలెనో చెప్పినది మాత్రము ఆయన కన్ను, చేయి.

'గ్రాంద్ జాత్ దీవిలో ఒక ఆదివారము' అను చిత్రమునకై ఆయన ఆ దీవికి మాటిమాటికి పోయి దాదాపు 60 చిత్తుపటములు తయారుచేసెను. రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు గల ఆ పటము 1886లో ప్రదర్శింపబడెను. నేడది చికాగోలో నున్నది. గడ్డిపై ఎండ కొరకు వాడిన జింకు పసుపు కొద్ది ఏండ్లలోనే గోధుమవన్నెకు తిరిగెను; చుక్కల సిద్ధాంతమునకు గట్టి సమర్థకుడైన ఫెనియోఁ అను విమర్శకుడే 1892లో ఆ వెలితిని వ్రాసెను. రసాయనము మారుటచే ఆ చుక్కల లెక్క తప్పినది. గొడుగుల అంచుల వద్ద, నీడల మొదళ్ళ వద్ద ఆయన దిద్దిన చీకటి వెలుగులు మాత్రము నేటికిని పనిచేయుచున్నవి.